అమావాస్య నాడు ఎలిజబెత్ ఎత్తిన సుత్తి

మన్సూరాబాద్ సందుల్లో పొద్దున్నే ఒక చుట్టు తిరిగి ఇంటికి మళ్లే సమయంలో, స్పీడ్ బ్రేకర్ దాటగానే బండి అడుగున టక్కుమని ఏదో విరిగింది. ఎలిజబెత్ చేతికింద ఉన్న గేర్ రాడ్డు ఒక్కసారిగా తేలికైపోయింది. అంబలి గిన్నెలో గరిటెలా ఎటు తిప్పితే అటు తిరుగుతోంది. బండి మాత్రం సెకండ్ గేర్‌లోనే ఉండిపోయింది.

"ఏమైందమ్మాయ్?" పక్క సీట్లో ఉన్న సాంబమూర్తి అడిగాడు.

"ఏం గాలె సారూ."

"రాడ్డు ఊడి చేతికొచ్చేలా ఉంటే ఏం కాలేదంటావేవిటి!"

ఎలిజబెత్ బండిని ఎలాగో ఇంటి ముందుకు చేర్చి ఇంజిన్ ఆపింది. మధ్యాహ్నం ఆమెకు డ్రైవింగ్ టెస్టు. లెర్నర్ లైసెన్సు గడువు కూడా ఈ రోజుతోనే సరి. ఇవాళ టెస్టు తప్పితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. దరఖాస్తు పెట్టాలి, మెడికల్ బోర్డు ముందు ఎడమ కాలు చాపి కూర్చోవాలి, ఈ కాలితో బండెలా నడుపుతావన్న ప్రశ్నకు మళ్లీ జవాబు చెప్పుకోవాలి. ఆ తతంగం ముగిసేసరికి, పండ్లమ్ముకునే ఆమెకు మామిడి సీజన్ చేజారిపోతుంది.

ఇంకెవరి బండో అడిగి తెచ్చుకుందామంటే కుదరదు. ఎలిజబెత్ ఎడమ కాలికి పోలియో. ఆమె బండిలో కాలితో తొక్కే క్లచ్‌కు బదులు గేర్ రాడ్డుకే, స్కూటర్‌కు ఉన్నట్టు, చేత్తో నొక్కే పిడి బిగించి ఉంది. క్లచ్ నొక్కేదీ గేర్ మార్చేదీ ఆ ఒక్క ఎడమ చెయ్యే. అలాంటివాళ్లు తమ కోసం మార్చుకున్న బండి మీదే టెస్టు ఇవ్వాలి. అంటే ఈ పాత ఓమ్ని వ్యాను మీదే.

సంచి పరుచుకుని పడుకుని, ఫోన్ లైటు వేసి బండి అడుగుకు చూసింది. గేర్ రాడ్డు కింది కొస, గేర్‌బాక్సుకు పోయే ఇనుప కడ్డీ కలిసే చోట ఒక చిన్న పిన్ను ఉంటుంది. పెన్సిలంత మందం కూడా ఉండదు. రెంటినీ కలిపి పట్టుకునేది అదే. ఇప్పుడు సగానికి విరిగింది. పైముక్క ఎక్కడో రోడ్డు మీద రాలిపోయింది. మిగతా ముక్క కడ్డీ బెజ్జంలో తుప్పుపట్టి బిగుసుకుని ఉంది. అది బయటికొస్తే తప్ప కొత్త పిన్ను ఎక్కదు.

ఈ చేతి క్లచ్ అమర్చిన మెకానిక్ సాలోమోనుకు ఫోన్ చేసింది.

"సాలోమోనన్నా, గేర్ల పిన్ను ఇరిగింది. జల్ది రా."

"నేను ఊళ్లె ఉన్ననక్కా. అత్తగారింటికి ఒచ్చిన. ఇయ్యాల అమావాస్య గదా."

"నీకు అమావాస్యేంది? ఆదివారం చర్చిల ముందు వరుసల కూసుంటవు గదా!"

"నాకేం లేదక్కా. కానీ షెడ్లన్ని బంద్. సామాన్ల దుకాణం బంద్, లేత్ బంద్, వెల్డింగ్ బంద్. నేనొక్కన్ని తెరిచి ఈగలు తోలుకోవాల్నా? రేపు పొద్దుగాల చేసిస్త."

"రేపైతె నువ్వే కొనుక్కో గీ బండి!" అని ఫోన్ పెట్టేసింది.

స్లాటు బుక్ చేసిన రోజు ఆమె ఇంట్లో గోడకున్న క్యాలెండర్ చూసే తేదీ ఎంచుకుంది. అది చర్చిలో ఇచ్చిన క్యాలెండర్. నెలకొక వాక్యం, ఉపవాస ప్రార్థనల రోజులు ఉంటాయి. అమావాస్యలూ పున్నములూ ఉండవు.

"అమావాస్య పూట పరీక్షేవిటా అని నేను నిన్ననే అనుకున్నానమ్మా," అన్నాడు సాంబమూర్తి నెమ్మదిగా.

"మరి చెప్పకపోతిరి?"

"చెబితే మీ మతాన్ని ఏదో అన్నట్టుంటుందేమోనని..."

"అయ్యో సారూ! మతం సంగతి గాదు, మెకానిక్ సంగతి చెప్పాల్నా వద్దా?"

సాంబమూర్తిది తెనాలి వైపు. కరెంటాఫీసులో అకౌంట్లు చూసి రిటైరయ్యాడు. ఎలిజబెత్ ఉండే వీధిలోనే మూడో అంతస్తులో ఉంటాడు. షుగరు తేలినప్పటి నుంచి ఎలిజబెత్ పండ్ల తోపుడు బండి దగ్గర బొప్పాయి కొంటాడు. లెర్నర్ లైసెన్సుతో నడిపేవాళ్ల పక్కన లైసెన్సున్న మనిషి కూర్చోవాలి కదా, ఎవరూ దొరకడం లేదని ఆమె ఒకరోజు అంటే, ఇంటికెళ్లి ఆ మాట భార్య వేదవతికి చెప్పాడు. "మీరు కూర్చోండి. ఇంట్లో కూర్చుని టీవీతో పోట్లాడేకంటే నయం," అందావిడ. అప్పటి నుంచి కూర్చుంటున్నాడు. భయపడుతూనే కూర్చుంటున్నాడు.

ఎలిజబెత్‌కు ఆగడం తెలియదు. సీటు కింద నుంచి స్క్రూలు తిప్పే పేచ్‌కస్ తీసింది, రోడ్డు పక్క రాయి తీసుకుంది, గేర్ రాడ్డు మొదట్లో ఉన్న రబ్బరు జరిపి, పైనుంచి ఆ పిన్ను ముక్క మీద పేచ్‌కస్ ఆనించి కొట్టడం మొదలుపెట్టింది.

"అది అలా కొట్టేదేనంటావా?"

"కొడితె ఒస్తది సారూ. రాకుంటె ఎటు పోతది?"

రాలేదు. ఎటూ పోలేదు. ఆమె కొట్టిన కొద్దీ పిన్ను నెత్తి నలిగి, చదునై, బెజ్జం అంచుల మీదికి పరుచుకుంది. చేతికి గ్రీజు, మొహానికి మట్టి. లేచి కూర్చుని ఆ గ్రీజు చేత్తోనే నుదురు తుడుచుకుంది.

"పాండ్రి సారూ. ఎవడో ఒకడు దొరుకుతడు."

గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ ఉన్నన్నాళ్లూ ఎలిజబెత్‌కు బండి అవసరం పడలేదు. వేకువనే ఆటో ఎక్కితే మార్కెట్ గేటు దగ్గర దిగేది. నచ్చిన పెట్టె మూత తీయించి, పండు వాసన చూసి బేరమాడేది. మరో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లతో కలిసి ట్రాలీ ఆటోలో సరుకు వేయించుకుని దిల్‌సుఖ్‌నగర్ వచ్చేది. అక్కడ మెట్రో నీడలో తోపుడు బండి. తల్లి అన్నమ్మ అప్పటికే బండి కడిగి, గోనె పట్టా పరిచి ఉంచేది. పదేళ్ల పైమాటే అలా గడిచింది.

తర్వాత మార్కెట్ ఊరి బయట, విజయవాడ రోడ్డు మీది బాటసింగారం వెళ్లిపోయింది. ఊళ్లో ట్రాఫిక్ తగ్గాలి, లారీలకు చోటు కావాలి అన్నారు. అబద్ధమేమీ కాదు, లారీలకు చోటు దొరికింది. రోజుకు రెండు మూడు పెట్టెలు కొనుక్కునే వాళ్లు అంత దూరం ఎలా వస్తారని మాత్రం ఎవరూ అడగలేదు. ఊరు పెరిగిన ప్రతిసారీ ఆ పెరిగిన దూరం ఎవరి కాళ్ల మీద పడుతుందో చూసే అధికారి ఉండడు. ఎలిజబెత్ విషయంలో అది ఒక్క కాలి మీద పడింది.

ఆ రెండో కాలి సంగతీ అలాంటిదే. ఆమె పుట్టింది మునుగోడు దగ్గరి ఒక పల్లెలో, ఊరికి ఎడంగా ఉన్న వాడలో. పోలియో చుక్కలు ఊళ్లోకి వచ్చాయి, వాడదాకా రావడానికి వాటికి ఇంకొంచెం సమయం పట్టింది. ఆ కొంచెంలోనే ఆమె కాలు పోయింది. దేవుడు రాసిన రాత అని పాస్టరూ అన్నాడు, ఊళ్లో పూజారీ అన్నాడు. ఇద్దరూ ఒకే మాట అనడం అదొక్కసారే చూశానని అన్నమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

బాటసింగారం నుంచి వ్యాన్లలో సరుకు తెచ్చి ఇక్కడ పంచేవాళ్లు పుట్టుకొచ్చారు. వాళ్లు ఏరగా మిగిలినవే ఎలిజబెత్ కొనాలి. అడుగున మెత్తబడ్డ పండుంటే పెట్టెతో పాటే మోయాలి. మూత తీయమంటే, "నీకిష్టముంటె తీస్కో అక్కా, లేకుంటె బాటసింగారం పో," అనేవాళ్లు. ఆ మాట ఆమెకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. మూడు చక్రాల స్కూటర్ ఇప్పిస్తామని ఒక సంఘం వాళ్లు ముందుకొచ్చారు. "దాని మీద నేను కూసుంట, మామిడి పెట్టెలు ఎవలు కూసుండబెడతరు?" అని అడిగి వచ్చేసింది. పాత ఓమ్ని కొంది. ముందు సీట్లు రెండూ ఉంచి, వెనకవన్నీ పీకించేసింది.

ఇప్పుడు ఆ ఓమ్ని సెకండ్ గేర్‌లో ఎల్బీనగర్ వైపు పోతోంది.

సెకండ్ గేర్‌లో పోవడమంటే ఆగితే కదలడం కష్టం, కదిలితే వేగం ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, వెనక్కి రావడమనేది లేదు. ఎక్కడైనా దారి మూసుకుంటే అక్కడితో సరి. ఎర్ర లైటు పడినప్పుడల్లా ఆమె చేతి క్లచ్ బిగబట్టి ఉంచాలి. మణికట్టు లాగుతోంది. వెనక నుంచి బస్సు హారన్ కొడితే, "ఆగురా నాయనా, నాకున్నది ఒక్కటే గేరు!" అని అద్దంలోకి అరిచింది.

"అతనికి వినపడదమ్మా."

"నాకు వినబడ్తె చాలు."

బైరామల్‌గూడ వైపు షెడ్ల వీధి మొత్తం షట్టర్లు దించి ఉంది. కడిగిన గడపలు, వాటి ముందు పగలగొట్టిన బూడిద గుమ్మడికాయ ముక్కలు, తాళాల పక్కన వేలాడే కొత్త నిమ్మకాయలు. ఒకాయన లుంగీ కట్టుకుని తన బైకుకు స్నానం చేయిస్తున్నాడు.

"తమ్మీ, ఒక పిన్ను తియ్యాలె. చిన్న పని."

"రేపు రాండ్రి మేడం."

"మధ్యాహ్నం టెస్టు ఉన్నది."

"అమావాస్యనాడు టెస్టు ఎవలు పెట్టుకోమన్నరు?" అని పైపు బైకు మీదికి తిప్పాడు.

వాళ్లను తిట్టుకుందామంటే ఎలిజబెత్‌కు నోరు రాలేదు. ఆ వీధిలో పనిచేసేవాళ్లకు ఆదివారం లేదు, పండగ సెలవు లేదు, జ్వరమొస్తే కూలి లేదు. నెలకు ఒక్క అమావాస్య ఉంది. అది దేవుడి పేరు మీద ఉంది కాబట్టి షెడ్డు యజమాని కూడా కాదనలేడు. ఏ చట్టమూ ఇప్పించలేని సెలవును ఆకాశంలో చంద్రుడు కనిపించకుండా పోయి ఇప్పిస్తున్నాడు. ఆ సెలవు విలువేమిటో ఫుట్‌పాత్ మీద బతికే మనిషికి ఒకరు చెప్పక్కర్లేదు. కానీ తెలిసినంత మాత్రాన పిన్ను ఊడదు.

వీధి చివర ఒక షెడ్డు షట్టరు సగం ఎత్తి ఉంది. లోపల ముప్పై ఏళ్ల మనిషి నేల కడుగుతున్నాడు. ఎలిజబెత్ బండిని సరాసరి ఆ షట్టరు ముందుకు తెచ్చి ఆపింది.

"బంద్ ఉన్నది," అన్నాడతను చీపురు ఆపకుండా.

"జూసుడు గూడ బందేనా?"

అతని పేరు మధు. అతనికి నవ్వొచ్చింది. చీపురు పక్కన పెట్టి, "జూస్త. జూస్తె తప్పు లేదు," అంటూ బండి పక్కన వంగి అడుగుకు చూశాడు. చూసి తల బయటపెట్టాడు.

"ఎవలు కొట్టిండ్రు దీన్ని?"

ఎలిజబెత్ నేల చూపులు చూసింది. "నేనే."

"దేంతోటి?"

"పేచ్‌కస్ తోటి."

"మంచిగున్నదాన్ని కరాబ్ చేసినవ్ గదక్కా! నెత్తి మొత్తం పరుసుకున్నది, మేకు తల తీర్గ. ఇంగ దాన్ని పైనుంచి ఎంత కొట్టినా కిందికి దిగది. ఇంకా గట్టిగ కొడితివా, కడ్డీ వంగుతది. కడ్డీ వంగితె గేర్‌బాక్స్ దింపాలె."

"నువ్వు తీసియ్యి తమ్మీ. నీకు దండం పెడ్త."

"నేను ముట్ట. మా నాయిన అమావాస్యనాడు వెల్డింగ్ కొట్టి కన్ను పోగొట్టుకుండు. అప్పటిసంది మా ఇంట్ల ఈ దినం ఇనుము మీద దెబ్బ ఎయ్యం."

కన్ను పోయింది వెల్డింగ్ కళ్లద్దాలు కొనివ్వని యజమాని వల్ల. అమావాస్య వల్ల కాదు. ఆ మాట సాంబమూర్తి నోటి చివరిదాకా వచ్చి ఆగిపోయింది. గ్రహాల కోసం తాను తొడుక్కున్న రంగురాయి ఉంగరం వేలికే ఉంది మరి.

ఎలిజబెత్ చేతికర్ర మీద బరువు మార్చుకుంది. "సరే. నువ్వు కొట్టకు. నేను కొడ్త. నువ్వు ఎట్ల కొట్టాల్నో చెప్పు."

మధు ఆమె చేతికర్ర వైపు చూశాడు. తర్వాత మెడలోని సన్నటి సిలువ వైపు చూశాడు. "మీకు లేదా అమావాస్య?"

"మాకు లేదు."

అతను కొంచెం సేపు గడ్డం గోక్కున్నాడు. "సుత్తి నేను చేతికియ్య. ఇయ్యాల ఇనుము నా చెయ్యి దాటొద్దు. అగో, ఆ బల్ల మీద అన్ని ఉన్నయి. నేను ఛాయ్ తాగొస్త. నేను లేనప్పుడు ఎవలన్న ఏమన్న జేస్తె నాకేం ఎర్క?"

అలా అని పోయినవాడు సందు చివరిదాకా కూడా పోలేదు. ఛాయ్ గ్లాసు పట్టుకుని తిరిగొచ్చి, షట్టరుకు ఆనుకుని నిలబడ్డాడు. రెండో చేతిని వీపు వెనక దాచుకున్నాడు, దానంతటది సుత్తిని ముట్టుకుంటుందేమో అన్నట్టు.

"ముంగట టైర్లు గా చెక్క దిమ్మెల మీదికి ఎక్కియ్యి. జాకీ వద్దు, అదీ ఇనుమే."

సెకండ్ గేర్‌లో దిమ్మెలెక్కించడానికి ఇంజిన్ మూడుసార్లు ఆగిపోయింది. ఎక్కాక సాంబమూర్తి వెనక టైర్ల కింద రాళ్లు పెట్టాడు. ఎలిజబెత్ చేతికర్ర పక్కన పడేసి, గోనె మీద వెల్లకిలా పడుకుని, మోచేతులతో ఈడ్చుకుంటూ లోపలికి పోయింది. ఇంజిన్ వేడి మొహానికి కొడుతోంది.

"ఫస్ట్ ఆకురాయి తీస్కో. పరుసుకున్న అంచులు మొత్తం రాకు. పిన్ను బెజ్జమంత అయ్యేదాక రాకు."

రాకింది. ఇనుప రజను కళ్లలో పడుతుంటే కళ్లు మూసుకుని రాకింది. ఎంతయిందో వేలితో తడిమి చూసుకుంటూ, మళ్లీ రాకుతూ పోయింది. బయట సాంబమూర్తి పదే పదే ఫోన్ తీసి టైము చూసుకుంటున్నాడు.

"చూడకుండ్రి సారూ. మీరు చూసినకొద్ది టైము జల్ది పోతది."

"అయిందా?" మధు అడిగాడు. "ఇప్పుడు గా తుప్పు ఊడే నూనె కొట్టు. రెండు దిక్కుల కొట్టు. జర సేపు ఆగు."

ఆగడమే కష్టమైంది ఆమెకు. సుత్తి పట్టుకున్న చెయ్యి ఊరికే ఉండలేకపోతోంది. నూనె ఇంకేలోపు రెండుసార్లు కొట్టబోతే రెండుసార్లూ మధు అరిచాడు. "ఆగక్కా! నీ అసొంటోల్లకే పిన్నులు ఇరుగుతయి!"

"నా అసొంటోల్లు ఆగితె బతకరు తమ్మీ."

"గిప్పుడు కింది దిక్కు నుంచి పైకి కొట్టాలె. సన్న పంచ్ తీస్కో. లావుది తీస్కుంటె అది గూడ ఇరుక్కుంటది."

పడుకుని పైకి కొట్టడమంటే బరువంతా చేతిదే. ఎలిజబెత్ మేకులాంటి ఆ పంచ్‌ను పిన్నుకు ఆనించి కొట్టింది. కడ్డీ మొత్తం పైకి ఎగిరి మళ్లీ కిందికి పడింది. ఎంత గట్టిగా కొడితే అంత ఎగురుతోంది. దెబ్బ పిన్నుకు తగలకుండా గాల్లో కలిసిపోతోంది. ఒక దెబ్బ జారి బొటనవేలి మీద పడింది. ఆమె నోట్లోంచి వచ్చిన మాటకు సాంబమూర్తి పక్కకు తిరిగి దగ్గాడు.

"లాభం లేదు," అన్నాడు మధు. "పైనుంచి ఎవలన్న బరువు పెట్టి అదిమి పట్టాలె. గట్టి ఇనుము. కానీ పిన్ను పైకి వచ్చే జాగ ఉండాలె, దాని మీదనే పెడితె ఎట్ల ఒస్తది?"

షెడ్డులో అలాంటిది లేదు. ఉన్న ఒక్క ఇనుప దిమ్మె అడుగు నున్నగా ఉంది, పెడితే పిన్ను నెత్తి మీదే కూర్చుంటుంది. ఎలిజబెత్ బండి కిందే పడుకుని ఆలోచించింది.

"సారూ, వెనక పెట్టెల తూకం రాళ్లున్నయి చూడుండ్రి. ఐదు కిలోలది తీయుండ్రి. కరెంటు కాంటా పనిచెయ్యని నాడు అవే నాకు."

సాంబమూర్తి ఆ రాయి ఎత్తుకొచ్చాడు. నల్లటి ఇనుప రాయి. అడుగున సీసం పోసి ముద్ర కొట్టిన గుంట ఉంది. సీసం సగం అరిగిపోయి గుంట లోతుగానే మిగిలింది. మధు దాన్ని చూసి ఛాయ్ గ్లాసు కింద పెట్టేశాడు.

"అద్గదీ! గా గుంట పిన్ను మీదికి వచ్చేటట్టు పెట్టుండ్రి సారూ. పైకి వచ్చినా పిన్నుకు జాగ ఉంటది."

గేర్ రాడ్డు చుట్టూ ఉన్న రబ్బరు తీసేసి, సాంబమూర్తి బండిలో మోకాళ్ల మీద కూర్చుని, ఆ రంధ్రంలోంచి రాయిని కడ్డీ మీద పెట్టి రెండు చేతులతో అదిమాడు. జీవితంలో ఎన్నడూ ఇంజిన్ గ్రీజు తాకని చొక్కా చేతులు నల్లబడ్డాయి.

"కొట్టమ్మా."

కొట్టింది. ఈసారి కడ్డీ ఎగరలేదు. రాయి దెబ్బను కిందికే తిప్పి పంపింది. ఆ అదురు సాంబమూర్తి భుజాల దాకా పోయింది. ఎలిజబెత్ ఎడమ కాలు జన్మలో చేయని పని అంతా ఆమె చేతులే చేస్తూ వచ్చాయి. చేతికర్ర మీద ఒంటిని మోశాయి, పెట్టెలు ఎత్తాయి, బస్సు మెట్ల మీద కడ్డీ పట్టుకుని ఒంటిని పైకి లాగాయి. ఆ చేతులు మళ్లీ కొట్టాయి. మళ్లీ. శబ్దం మారింది. అప్పటిదాకా గట్టిగా మోగుతున్నది, ఒక్కసారి మొద్దుగా వినిపించింది.

"కదిలింది!" మధు అరిచాడు. "ఆపకు అక్కా, గిప్పుడు ఆపకు!"

పిన్ను ముక్క గుంటలోకి లేచింది. సాంబమూర్తి రాయి ఎత్తి చూసి, దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని లాగాడు. పురుగులు తిన్న పన్నులా నల్లగా ఉందది.

"ఇదా!" అన్నాడు. "ఇంతేనా?"

కొత్త పిన్ను కావాలి. మధు షెడ్డు మూల ఉన్న డబ్బా మూత పాదంతో తెరిచి, వెంటనే వీధి వైపు మొహం తిప్పుకున్నాడు. "అండ్ల ఉంటయి. నేను జూస్తలేను."

ఎలిజబెత్ పాకుతూ పోయి, పాత ముక్కతో పోల్చుకుంటూ ఒకటి ఏరింది. దాన్ని దిగ్గొట్టడానికి ఎక్కువ సేపు పట్టలేదు. బండెక్కి రాడ్డు కదిపింది. ఫస్ట్. సెకండ్. రివర్స్. ప్రతిదీ దాని గుంటలో అది పడుతోంది.

"తమ్మీ, ఎంత ఇయ్యాలె?"

"నేనేం జేసిన? ఛాయ్ తాగిన. పోండ్రి, టైమ్ అయితుంది."

టెస్టు ట్రాకుకు చేరేసరికి ఆమె స్లాటు సమయం దాటింది. దారి పొడుగునా సాంబమూర్తి ఒకటే గొణుగుడు, వెనక్కి పంపిస్తారు, కంప్యూటర్ ఒప్పుకోదు అని. ఎలిజబెత్ బొటనవేలు వాచి స్టీరింగ్ పట్టుకోనివ్వడం లేదు.

గేటు లోపల ఎవరూ లేరు. మామూలు రోజుల్లో బారులు తీరి ఉండే చోట రెండు బైకులు, నీడలో నిద్రపోతున్న కుక్క ఉన్నాయి. బల్ల దగ్గర ఇన్‌స్పెక్టర్ మెడ వెనక్కి వాల్చి కూర్చున్నాడు.

"లేటు అయింది సార్," అంది ఎలిజబెత్ నల్లటి చేతులు చీర కొంగులో దాచుకుంటూ.

"అమావాస్యమ్మా. సగం మంది రానే లేదు. కాగితాలు చూపించండి." అతను కాగితాలు చూశాడు, ఆమె కాలు చూశాడు, చేతి క్లచ్ చూశాడు. ఆ చివరిదాన్ని కొంచెం ఆసక్తిగానే చూశాడు. "ఎందుకమ్మా ఇంత కష్టం? ఎవరినన్నా డ్రైవర్‌ను పెట్టుకోవచ్చుగా?"

"మీరు నడుపుకుంటలేరా సార్ మీ బండి?"

అతను సాంబమూర్తిని దిగమన్నాడు. "ట్రాకు మీద ఎనిమిది అంకె వేయండి. తర్వాత రివర్స్. తర్వాత ఎత్తు మీద ఆపి, బండి వెనక్కి జారకుండా ఎక్కించాలి."

ఎనిమిది వచ్చేసింది. రివర్స్‌లో రాడ్డు పడేటప్పుడు ఆమె ఊపిరి బిగబట్టింది. పడింది. చివరికి ఎత్తు మిగిలింది.

ఎత్తు మీద ఆగిన బండిని కదిలించడానికి మిగతావాళ్లు రెండు కాళ్లూ వాడతారు, అవసరమైతే హ్యాండ్‌బ్రేకు లాగి పెట్టుకుంటారు. ఎలిజబెత్‌కు హ్యాండ్‌బ్రేకు లాగాల్సిన చెయ్యి క్లచ్ మీద ఉంది. బ్రేకు మీద ఉన్న కాలే యాక్సిలరేటర్ తొక్కాలి. మధ్యలో ఉండేది ఒక్క క్షణం. ఆ క్షణంలో బండి వెనక్కి జారితే ఇవాళ్టిది అయిపోయినట్టే. కొత్త పిన్ను నిలబడకపోతే కూడా అంతే.

బ్రేకు తొక్కి ఆపింది. ఫస్ట్ వేసింది. పిడిని కొద్దికొద్దిగా వదిలింది. ఇంజిన్ గొంతు దిగింది, బండి ముందు భాగం కొంచెం లేచింది. ఇంకా కొంచెం వదిలింది. ఇంజిన్ ఆగిపోయేలా వణికింది. చెమట కంట్లో పడింది. తుడుచుకోవడానికి చెయ్యి లేదు. కాలు బ్రేకు మీంచి తీసి యాక్సిలరేటర్ మీద వేసింది.

బండి జారలేదు. ఒక్క కుదుపుతో పైకి పోయింది.

కిందికి దిగొచ్చేసరికి ఇన్‌స్పెక్టర్ చేతిలోని ట్యాబ్ మీద ఏదో నొక్కుతున్నాడు. "అయింది. కార్డు పోస్టులో వస్తుంది." అంతే అన్నాడు. అభినందించలేదు. ఎలిజబెత్‌కు అదే నచ్చింది. మెడికల్ బోర్డు ముందు కూర్చున్నప్పుడు ఒకాయన తల నిమిరి మెచ్చుకుంటే ఆమెకు ఒళ్లు మండింది.

సాంబమూర్తి పరుగులాంటి నడకతో వచ్చాడు. "పాసా? నిజంగా పాసా?"

"ఎక్కుండ్రి సారూ."

"ఎక్కుతాను, ఎక్కుతాను. వేదవతి ఇందాకట్నుంచి ఫోను చేస్తూనే ఉంది. ఇంటికి పోయి ముందు ఆ వేలికి ఏదన్నా పెట్టుకో."

"ఇంటికి గాదు. బాటసింగారం."

"ఇప్పుడా! ఎండ చూశావా? భోజనం వేళ కూడా దాటిపోయింది. అయినా ఇవాళ బేరం ఏం చేస్తావు?"

"బేరం రేపు చేస్త. ఇయ్యాల దారి జూస్త, బండి ఏడ పెట్టాల్నో జూస్త. మీరు దిగుతనంటె దిగుండ్రి."

"కార్డు చేతికి రాకుండా నిన్నొక్కదాన్ని పంపితే చట్టం ఒప్పుకోదు," అన్నాడు సాంబమూర్తి, తలుపు వేసుకుంటూ. ఫోన్ తీశాడు. "వేదా, అన్నం మీద మూత పెట్టు. లేదు, ఇంటికి కాదు. ఎక్కడికంటే... నాకూ సరిగ్గా తెలీదు. అమ్మాయితో మాట్లాడతావా? వద్దులే, డ్రైవింగ్‌లో ఉంది."

ఎల్బీనగర్ చౌరస్తాలో ఎర్ర లైటు పడింది. ఇంటి దారి ఒక పక్క, విజయవాడ రోడ్డు ఒక పక్క. పచ్చ లైటు పడగానే ఎలిజబెత్ ఫస్ట్ వేసి లాగింది. సెకండ్‌లోకి మార్చింది. పొద్దుటి నుంచి చూడని మూడో గేరు వేసింది, తర్వాత నాలుగు. వెనక నుంచి ఖాళీ మామిడి పెట్టెల లారీ ఒకటి తప్పుకోమని హారన్ మీద హారన్ కొడుతోంది. ఎలిజబెత్ తన వరుసలోనే పోతోంది. లారీకి దారి ఇవ్వలేదు.